గొంతు మీద గొంతు

పొద్దున్నే ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ ఏసుకుమారి కూనిరాగం తీస్తోంది. పెదవులు కదలకుండా, ముక్కుతోనే. అయినా అల్లుడు నథానియేల్ గదిలోంచి తల బయటపెట్టాడు.

"అత్తయ్య గారూ, మీటింగ్ మొదలైందండీ."

"అయ్యో, అంత దూరం వినబడిందా బాబూ? ముక్కు కూడా మూసుకుంటాన్లే."

డ్యూసెల్‌డార్ఫ్‌లో మూడో అంతస్తు ఇల్లు. కరోనా వచ్చిన దగ్గర్నుంచీ ఒక గది అల్లుడి ఆఫీసు, ఇంకో గది కూతురు ఫెలిషా ఆఫీసు, హాలు మనవరాలు ఈవాకి బడి. ఏసుకుమారికి మిగిలింది వంటిల్లు. ఒకప్పుడు విశాఖపట్నం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాండుతో ఆవిడ పాడితే రేకుల కప్పు అదిరేదట. గిటారు వాళ్ళు వాయించే బ్లూస్ అనే ఇంగ్లీషు పాట ఉంది చూశారూ, గుండెలో బాధని అలా సాగదీసి, సాగదీసి పాడతారు, అది ఆవిడకి చర్చి పాట అంత తేలిగ్గా వచ్చింది. పెళ్ళయింది, ఫెలిషా పుట్టింది, పాట ఆగింది. ముసలితనంలో పాత గిటారు మేస్త్రి ఊరుకోక ఆవిడ చేత తెలుగు మాటలతో ఆల్బమ్ పాడించాడు. అదే సమయంలో ఒక జర్మనీ అమ్మాయి కెమెరా పట్టుకొచ్చి ఆవిడ మీద సినిమా తీసింది. ఆ సినిమా ఇక్కడ వేస్తారంటేనే విమానమెక్కి వచ్చింది. వచ్చిన వారానికే థియేటర్లు మూతపడ్డాయి, విమానాలూ ఆగిపోయాయి. ఆల్బమ్ కూడా ఆ వారమే వచ్చింది. టాయిలెట్ పేపరు కోసం ఊరంతా క్యూ కడుతుంటే పాటలెవరికి కావాలి? 

"విన్నావటే?" అని కూతుర్ని ఒకసారి అడిగింది.

"లైక్ కొట్టానమ్మా."

కొట్టిందంటే వినే ఉంటుందిలే అనుకుని ఆవిడ మళ్ళీ అడగలేదు.

జూన్‌లో, ఇక్కడి ఎండాకాలం మొదట్లో, ఒక టీవీ వాళ్ళు ఆ సినిమాని నెట్‌లో పెట్టారు. పెద్దవాళ్ళెవరికీ తీరిక లేదు. ఈవా ఒక్కతే పాఠం మానేసి మరీ చూసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగింది.

"అమ్మమ్మా, మమ్మా నీకు లాస్టా?"

ఏసుకుమారి నవ్వేసింది. "లాస్టూ ఫస్టూ మీ మమ్మేనే. నాకున్నది ఒక్కతే కదా. అవును, లాస్టే."

ఫెలిషా చేతిలో చెంచా ఆగిపోయింది. లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజు నుంచీ తల్లితో మాటల్లేవు. "అమ్మమ్మని కాఫీ తాగమను", "అమ్మమ్మని కిటికీ వెయ్యమను" అని పిల్లతో కబురే. పక్క గదిలో ఉన్న మనిషికి కబుర్లు పంపడమేమిటి? బయటికి వెళ్దామంటే వైరస్, ఊరెళ్దామంటే విమానం లేదు, గొంతెత్తి ఏడుద్దామన్నా ఎవరిదో ఒకరి మీటింగ్. ఏం తప్పు చేశానో తెలియక ఏసుకుమారి గిన్నెలు తోమినవే తోముతూ ఉండిపోయింది.

ఒక శనివారం ఫెలిషానే వంటింట్లోకి వచ్చింది.

"ఎంబసీ వాళ్ళు హైదరాబాద్‌కి విమానం వేస్తున్నారు. నీ పేరు ఇచ్చాను. వెళ్దువుగాని, బరువు దిగుతుంది నీకు."

"ఏటి బరువే?"

"నేనే. జర్మన్‌లో లాస్ట్ అంటే బరువు. బిడ్డ పుట్టి నాకు బరువైపోయింది అని సినిమాలో చెప్పావుగా, ఆ రాత్రే నేనూ చూశాను. ఈవా అడిగితే నవ్వుతూ అవునన్నావు కూడా."

ఏసుకుమారి స్టూలు మీద కూలబడింది. "నేను ఆఖరు అనుకున్నానే. ఇంగ్లీషు లాస్ట్ అనుకున్నాను."

"సినిమాలో చెప్పింది కూడా ఇంగ్లీషేనా?"

"సినిమాలో నేనన్నది వేరు. పెట్టు, విందాం."

ఫెలిషా ఫోన్ తెచ్చి పెట్టింది. తెరమీద ఏసుకుమారి నోరు తెరిచి "బిడ్డ కడుపులో పడ్డాక..." అంది. అంతే, మీద నుంచి ఒక జర్మనీ ఆవిడ గొంతు మొదలైంది. ఏసుకుమారి పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం ఆవిడది.

"చూశావా? నా గొంతు మీదెక్కి కూచుందావిడ. నా గొంతుకి బరువొచ్చింది అన్నానే నేను. అదివరకు పల్చగా ఉండేది. నువ్వు కడుపులో పడ్డాక కింద నుంచి లాగితే పలికేది. ఆ బరువు లేకపోతే బ్లూస్ ఎవడిక్కావాలి?"

"మరి నాకోసమే పాట మానేశావని నాన్న చెప్పాడు. నానమ్మా చెప్పింది. చర్చిలో పాస్టరమ్మ గారు కూడా చెప్పారు. చిన్నప్పటి నుంచీ అదే మాట వింటూ పెరిగానమ్మా నేను."

"కడుపు కనబడుతోంది, స్టేజీ మీద బాగోదు, ఇక రావద్దన్నారు బ్యాండు వాళ్ళు. తర్వాత మళ్ళీ పిలవలేదు. నువ్వేం చేశావే పాపం? చీర చుట్టిన ఉయ్యాల్లో పడుకుని నా పాటలన్నీ విన్నదానివి."

"ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"ఎవరడిగారే?"

ఫెలిషా సినిమా ఆపి, ఆల్బమ్ తీసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గట్టు మీద మోచేతులానించి నిలబడింది. అప్పుడర్థమైంది ఏసుకుమారికి, ఇది మొదటిసారి వినడమని. ఏ పాట నడుస్తోందో తెలియదు. కూతురి ముఖమే చూస్తూ కూచుంది. అక్కడ మీద నుంచి మాట్లాడేవాళ్ళెవరూ లేరు. కాసేపటికి ఫెలిషా కింది పెదవి చిన్నపిల్లకి వణికినట్టు వణికింది. కన్నీళ్ళు గట్టు మీద తరిగిన కొత్తిమీరలో పడ్డాయి, తుడుచుకోలేదు.

పాట అయ్యాక ఇయర్‌ఫోన్లు తీసేసింది.

"విమానానికి నీ పేరు తీయించేస్తాను."

"తీయించు. అయితే ఆ పిల్లని కసరకు, అడిగింది పాపం అదొక్కతే."

ఫెలిషా కింద, తల్లి కాళ్ళ దగ్గర, నేల మీద కూచుంది.

"అమ్మా, నేను పుట్టకముందు నీ గొంతు ఎలా ఉండేది?"

ఇంతమంది ఇన్నేళ్ళలో అడగని మాట. ఏసుకుమారి గొంతు సవరించుకుంది.

"అప్పుడా? మంచినీళ్ళలా ఉండేదే. ఇలా..." అని, తలుపు తీసే ఉందన్న సంగతి మరిచిపోయి, పాడటం మొదలెట్టింది.