గంప కింద చిక్కుడు

"ఏంటమ్మాయ్, నీ చేపనీళ్లన్నీ నా సంచి మీదే!"

తెనాలిలో రేపల్లె బండి కదలబోతుండగా రాఘవులు అరిచాడు. ఎదుటి బల్ల మీది పిల్ల తన ఖాళీ గంపను ఒళ్లోకి లాక్కుంది.

"ఏముందేంటి అందులో, బంగారమా?"

"చిక్కుడు గింజలు."

"తడిస్తే మంచిదేగా, మొలుస్తాయి."

"ఉప్పునీళ్లకి మొలవవు. చస్తాయి."

"అబ్బో! మేం ఉప్పులోనే పుట్టాం, చచ్చామా?"

రాఘవులు సంచిని పక్కకి జరుపుకున్నాడు. రేపల్లె దాకా కిటికీలోంచి పొలాలు చూస్తున్నట్టు ఆ పిల్లనే చూశాడు. పేరు పేరంటాలు, ఊరు అడవులదీవి. తనవాళ్లే, పడవలవాళ్లే. దిగేవేళకి మావా, బావా అని వరసలు కూడా కలిశాయి.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. పిల్లనడగడానికి వెళ్తే, తండ్రి ముత్యాలరావు వల బాగుచేసుకుంటూ తలైనా ఎత్తలేదు.

"మీ నాన్న నడిసంద్రంలో వలేసినోడు. నువ్వేంట్రా, బాపట్ల ఫారంలో గింజలు మొలిపిస్తన్నావంట?"

"అవును మావా."

"అయితే పున్నమిలోపు నా గుమ్మం ముందు ఒక్క పాదు మొలిపించు. పిల్లనిస్తా. మొలవకపోతే ఇటు రామాక."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. ఆ సంబరంలో రాఘవులు బండిలో తనన్న మాటే మరిచిపోయాడు. ఆ ఉప్పు ఇసకలోనే గింజలు నాటి, ఉప్పు తేలే పెరటి బావి నీళ్లే పోశాడు. పున్నమినాడు తవ్వి చూస్తే అన్నీ కుళ్లాయి. ముత్యాలరావు నవ్వలేదు. కూతురిని మాత్రం ఆ రోజు నుంచి తెనాలి బజారుకి పంపలేదు.

ఫారంలో మొలక రెండాకులు విప్పినప్పుడల్లా రాఘవులికి ఒళ్లో గంప పట్టుకున్న రెండు చేతులు గుర్తొచ్చేవి. సెలవు దొరికితే తెనాలి ప్లాట్‌ఫారం మీదే కూర్చునేవాడు. గంపలు దిగేవి. ఆ మొహం దిగేది కాదు.

ఒకనాడు పేరంటాలు మేనత్త రత్తమ్మే అతన్ని పట్టుకుంది.

"ఒరే, దాని మొక్కలకి కామెర్లంట. ఆ దిగులుతో పిల్ల కూడు తినటంలా. వచ్చి చూడరా."

వెళ్లాడు. ఇంటి వెనక పేరంటాలు బోర్లించిన గంప ఎత్తింది. కింద పగిలిన కుండ, నగరం ఊరి పొలాల నుంచి మోసుకొచ్చిన మంచి మట్టి, తాగే నీళ్ల తడి. అందులో చిక్కుడు మొలకలు. దారాల్లా సాగిన కాడలు, పసుపు తిరిగిన చిన్న ఆకులు. అన్నీ గంప సందువైపే ఒంగి ఉన్నాయి.

"నాన్న చూస్తాడని గంప మూసిపెట్టా. మొలిచాయి బావా. కానీ ఇలా అయిపోయాయి."

"కామెర్లు కాదు పిచ్చిదానా. వెలుతురు లేక. దాన్నే వెతుక్కుంటూ సాగాయి."

"బతుకుతాయా?"

"మెల్లిగా ఎండ తగలనిస్తే పచ్చబడతాయి."

వెనక ముత్యాలరావు నిలబడి ఉన్నాడు. మొలకలను చూశాడు. కూతురి మొహం చూశాడు. రెండూ ఒకే రంగు.

"నేను గుమ్మం ముందన్నా. ఇది పెరడు," అన్నాడు.

ఆయనే వంగి కుండ ఎత్తుకుని, ఇల్లు చుట్టి తీసుకెళ్లి, గుమ్మం ముందు దించాడు.

పేరంటాలు గంప పట్టుకుని వెనకే పరిగెత్తింది.

"కోళ్లు పొడుస్తాయి నాన్నా!"

"గంప తియ్యమ్మా. కోళ్లొస్తే తోలటానికి అల్లుడున్నాడుగా."