మెషీన్‌లో మిగిలిన మాటలు

"సూడమ్మా, దీన్ని బాగుచెయ్యి," అన్నాడు సన్యాసినాయుడు, మెడకి కట్టిన గొంతుపట్టీలోంచి. ఆ వెంటనే అదే గొంతు, "ఎండన పడొచ్చావు, మజ్జిగ తాగు తల్లీ," అంది. టెస్ట్ బల్ల ముందున్న ఇంజనీరు సుజల నవ్వాపుకుంది. జూట్‌మిల్లులో మేస్త్రీగా చేసిన నాయుడికి ఒళ్లు మండింది.

విజయనగరంలో ఇప్పుడీ పట్టీలు మామూలే. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు కట్టుకుంటారు. మనసులో అనుకుంటే గొంతు నరం కదులుతుంది. పట్టీ దాన్ని పట్టుకుని, ఫైల్‌గా రాసుకుని, పైకి పలుకుతుంది. ఒకరు పోతే పట్టీ ఇంకొకరికి వెళ్తుంది. ఖరీదైన వస్తువు, పారేస్తామా ఏంటి?

ఇక్కడే వచ్చింది తంటా. పాత మనిషి ఫైళ్లు తీసేశామంటే చెరిపేశామని కాదు, ఆ చోటు ఖాళీ అని రాసుకున్నామంతే. కొత్త మాటకి ఆ చోటే ఇస్తారు. ఇచ్చేముందు సున్నాలతో నింపి పాతది తుడిచెయ్యాలి. ఫైల్ సిస్టమ్ కోడ్‌లో ఆ పని చేసే ఒక్క లైన్ ఎవడో మహానుభావుడు వదిలేశాడు. గిన్నె కడక్కుండా చారు కాస్తే నిన్నటి పులుసు వాసన రాదూ? నాయుడి మాటలు మరీ పొట్టివి. మిగతా చోటంతా పాత మనిషిదే, పట్టీ అదీ కలిపి పలికేస్తుంది.

"ఎవులివమ్మా ఆ మాటలు?"

"ఇంతకుముందు ఈ పట్టీ వాడిన ఆయనవి. పోయారు. పేరు చెప్పకూడదు బాబాయ్."

సుజల ఆ లైన్ రాసింది. అక్కడితో ఆగిందా? ఖాళీ చోటంతా సున్నాలతో నింపేసింది. పోయిన మనిషి గుట్టు బజారున పడకూడదు కదా.

వారం తిరక్కుండా నాయుడి భార్య పైడమ్మ వచ్చింది. ఆయన్ని గుమ్మం బయట కూర్చోబెట్టి లోపలికొచ్చింది.

"ఏటి చేసేసినావు పాపా?"

"బాగైంది కదా పిన్నీ?"

"ఏటి బాగు, నా మొహం! పెళ్లైన కాడి నుంచి ఈ మనిషి నన్ను తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. పట్టీ కట్టినాక రోజూ అడిగినాడు. ఇప్పుడు మళ్లీ మానేసినాడు."

"అవి బాబాయ్ మాటలు కాదు పిన్నీ."

"నాకు తెలీదేటి? ఇన్నేళ్లు కాపరం చేసినాను. ఎవులివైతేనేం, ఆయన నోటంట వచ్చినాయి. మళ్లీ పెట్టేయి తల్లీ."

"లేవు. నేనే తుడిచేశాను."

చేసింది తప్పు కాదు. అయినా సుజలకి తలెత్తబుద్ధి కాలేదు. ఆ మాటలు ఇంట్లో ఎవరు వింటున్నారని ఒక్కసారైనా అడగలేదే అని ప్రాణం ఉసూరుమంది. పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పోనీలే, నీ డ్యూటీ నువ్వు చేసినావు," అంది. తిట్టినా బాగుండేది.

సుజల బయటికి పరిగెత్తింది. "బాబాయ్, ఆ మాటలేవో మీరే అనొచ్చుగా?"

నాయుడు వెనకే వచ్చిన భార్య వైపు చూశాడు. గొంతు నరం కదిలింది. పట్టీ మీద లైటు వెలిగింది.

"ఆటో వచ్చింది. నడు."

ఇంకేమైనా వస్తుందేమోనని సుజల ఆగింది. పైడమ్మ కూడా ఆగింది. ఏమీ రాలేదు. సుజల రాసిన లైన్ సరిగ్గా పనిచేస్తోంది.