కంపెనీ పడిపోవును

"హయాత్ గారంటే ఎవరండీ?"

కౌంటరు అవతల నుంచి ఆ గొంతు వినిపించేసరికి నేను ఫ్యాను కింద కూర్చుని, బయట గోడకు తగిలించిన బోర్డు మీద నా పేరు ఎంత బాగుందో తలుచుకుంటున్నాను. ‘ఫిర్యాదుల అధికారి: షేక్ హయాత్.’ పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు. పొద్దున్నుంచి ఏదో ఒక వంక పెట్టుకుని బయటికెళ్ళి చూసుకొస్తూనే ఉన్నాను.

"నేనేనండి," అన్నాను కాలరు సర్దుకుంటూ.

"ఫిర్యాదు చేయాలి."

"ఎవరి మీదండి?"

"మీ తెలుగు మీద."

అది రెండు వేల ఏడు, ఎండలు ముదురుతున్న రోజులు. చిలకలూరిపేటలో కొండవీడు ఫైనాన్స్ అని మాదో చిన్న బ్రాంచి. బండ్లకీ ట్రాక్టర్లకీ అప్పులిచ్చేవాళ్ళం, మిర్చి, పత్తి అమ్ముకున్న రైతుల దగ్గర డిపాజిట్లు తీసుకునేవాళ్ళం. అప్పుడే ఫైనాన్స్ కంపెనీలకి కొత్త నిబంధనలు వచ్చాయి. షరతులు ఖాతాదారుకి అర్థమయ్యేలా చెప్పాలి, ఫిర్యాదులు వినడానికి ఓ మనిషి ఉండాలి. మా హెడ్డాఫీసు వాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళి, తుఫానొచ్చినా కంప్యూటర్లు ఆగినా పని ఆగకూడదు, దానికి ప్రతి బ్రాంచీ రిహార్సల్ చేసి చూపించాలన్నారు.

ఈ బాధ్యతలన్నిటికీ మా మేనేజరు అంకమ్మరావు గారు నన్నే ఎంచుకున్నారు. నా ప్రతిభ చూసే అనుకున్నాను. ఆ రోజు మిగతా స్టాఫంతా ఓ పెళ్ళికి వెళ్ళారని, ఆఫీసులో దొరికింది నేనొక్కడినేనని తర్వాత తెలిసింది.

అప్పు కాగితాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చింది కూడా నేనే. పక్కన డిక్షనరీ పెట్టుకుని, గంభీరంగా ఉంటే జనానికి గౌరవం కలుగుతుందన్న నమ్మకంతో మార్చాను. ఆ గంభీరమైన కాగితమే ఇప్పుడామె చేతిలో ఉంది.

"నా పేరు సాజిదా. హైస్కూల్లో తెలుగు టీచర్ని. మీ దగ్గరే అప్పు మీద స్కూటీ తీసుకున్నాను, కొంత డబ్బు కూడా దాచుకున్నాను. ఇదేంటండీ? ‘ఋణగ్రహీత మరణించిన యెడల సదరు విషయమును తానే స్వయముగా కంపెనీకి తక్షణమే తెలియజేయవలెను.’ చచ్చిపోయాక నేనెలా వచ్చి చెప్పాలి? మిస్డ్ కాల్ ఇస్తే సరిపోతుందా?"

పక్క కౌంటర్లో క్యాషియర్ యేసుపాదం నోట్ల కట్ట మీద తల వాల్చేశాడు. నవ్వుతున్నాడని వీపు చూస్తే తెలుస్తోంది.

"అది... భావం తీసుకోవాలండి," అన్నాను.

"సరే. వాయిదా దాటాక ఇచ్చే గడువుకి ‘కృపాకాలము’ అని రాశారు. దీని భావమేంటి?"

"అది మాత్రం మార్చొద్దండి," అన్నాడు యేసుపాదం తలెత్తి. "చదువుతుంటే ప్రార్థనలో కూర్చున్నట్టుంటుంది."

ఈ గొడవకి అంకమ్మరావు గారు గదిలోంచి వచ్చారు. సంగతి విని ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఫిర్యాదా? నిజంగా ఫిర్యాదేనా? కూర్చోండమ్మా, కూర్చోండి. యేసుపాదం, టీ చెప్పు! అమ్మా, ఫిర్యాదులు ఏమీ లేవని రాసి పంపిస్తుంటే హెడ్డాఫీసు వాళ్ళు మేమేదో దాస్తున్నామంటున్నారు. మీరు దేవతలాగా వచ్చారు."

తిట్టడానికి వచ్చిన మనిషికి అంత మర్యాద జరిగితే ఎవరికైనా కోపం నిలుస్తుందా? ఆమె టీ తాగింది. తాగుతుండగానే అంకమ్మరావు గారు అడిగేశారు, ఈ కాగితాలన్నీ కాస్త మనుషులు మాట్లాడే తెలుగులో రాసిపెట్టమని.

"రాస్తాను. కానీ ఈయన నా పక్కన కూర్చోవాలి. ఏ మాట ఎందుకు రాశారో చెప్పాలి."

"కూర్చుంటాడమ్మా. వాడికి వేరే పనేముంది?" అన్నారు మేనేజరు గారు.

ఆ రోజు నుంచి స్కూలు వదలగానే ఆమె స్కూటీ మా ఆఫీసు ముందు ఆగేది. నేను తీరిగ్గా ఉన్నట్టు నటిస్తూ, దువ్వెన జేబులో దాచుకుంటూ ఎదురొచ్చేవాడిని.

ఆమె పద్ధతి నాకు కొత్త. ఒక్కో వాక్యం రాసి, కౌంటరు దగ్గర నిలబడిన రైతులకి చదివి వినిపించేది. వాళ్ళకి అర్థమైతే ఉంచేది, కాకపోతే కొట్టేసేది. అలా మాకు బాగా దగ్గరైన మనిషి యడ్లపాడు వెంకటరావమ్మ గారు. మిర్చి అమ్మిన డబ్బు మా దగ్గర దాచుకున్న రైతు. ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడుతుంది.

"ఇప్పుడర్థమైందమ్మాయ్!" అంది ఓసారి. "ఈ అబ్బాయి చదువుతుంటే నాకు నిద్రొచ్చేది. ఏదో పురాణమనుకుని దణ్ణం కూడా పెట్టుకున్నా."

సాజిదా నవ్వింది. నేను ఫైలు వెనక దాక్కున్నాను.

"ఇంట్లో మీరు ఉర్దూ మాట్లాడరా అండి?" అని అడిగానోసారి, ఏం మాట్లాడాలో తోచక.

"మీరు మాట్లాడతారా?"

"రాదండి. మా ఇంట్లో అందరం తెలుగే."

"మా ఇంట్లోనూ అంతే. మరి తెలుగే మాట్లాడే ఇంట్లో పుట్టి ఇలా రాయడం ఎక్కడ నేర్చుకున్నారు?"

ఓ సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచింది. కరెంటు పోయింది. ఇద్దరం వరండాలో నిలబడ్డాం. రోడ్డు మీద మట్టి వాసన, ఆమె జడ చివర వాన చుక్కలు. ఏదైనా చెప్పాలంటే ఇంతకంటే మంచి సమయం దొరకదు. గొంతు సవరించుకుని అన్నాను:

"పాపం, కళ్ళాల్లో మిరపకాయలన్నీ తడిసిపోతాయండి."

ఆమె జడ చివర తడి పిండుకుంది. "మీరింత రొమాంటిక్ అనుకోలేదు," అంది.

కాగితాలన్నీ పూర్తయిపోయాయి. "ఇక నాకిక్కడ పనేం లేదు," అని పెన్ను మూత పెట్టి ఆమె వెళ్ళిపోయింది. స్కూటీ మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. ఆ వారమంతా ఆమె రాలేదు. యేసుపాదం నన్ను చూసి జాలిపడి తన టిఫిన్ బాక్సులోంచి సగం పెట్టేవాడు. నేను దిగులుగా ఉంటూనే మొత్తం తినేవాడిని.

సరిగ్గా అప్పుడే మా రిహార్సల్ తేదీ వచ్చింది. మంగళవారం కంప్యూటర్లు ఆపేసి, అంతా చేత్తో రాసి పనిచేయాలి. ఖాతాదారులు కంగారు పడకుండా ముందుగా నోటీసు అంటించాలి. ఆ నోటీసు రాసే పని నాది.

నాకో ఆలోచన వచ్చింది. నా జీవితంలో వచ్చిన ఆలోచనల్లో అంత వెధవ ఆలోచన ఇంకోటి లేదు. ఆమె రోజూ స్కూలుకి మా ఆఫీసు ముందు నుంచే వెళ్తుంది. నోటీసులో ఓ పెద్ద తప్పుంటే చూసి ఊరుకోదు, లోపలికొచ్చి పోట్లాడుతుంది. ‘కంప్యూటర్లు’ అని రాయాల్సిన చోట ‘కంపెనీ’ అని రాశాను.

‘వచ్చే మంగళవారం మా కంపెనీ పడిపోవును. ఖాతాదారులు సహకరించవలెను.’

శనివారం సాయంత్రం అంటించి, సోమవారం పొద్దున ఆమె వస్తే ఎలా నవ్వాలో ఆలోచించుకుంటూ ఇంటికెళ్ళాను. మధ్యలో ఆదివారం ఉందనీ, చదువు వచ్చినవాళ్ళు ఆమె కాక ఊళ్ళో ఇంకా ఉన్నారనీ నాకు తట్టలేదు.

సోమవారం నేను వెళ్ళేసరికి ఆఫీసు ముందు జనం. ట్రాక్టర్ల మీద, ఆటోల మీద వచ్చారు. షట్టరు తీయగానే ఒక్కసారిగా తోసుకొచ్చారు.

"ఒరేయ్ హయాతూ, బయటికి రారా!" వెంకటరావమ్మ గారి గొంతు. "మా డబ్బు ఇచ్చి పడిపోండి!"

నేను స్టూలెక్కాను. "ఖాతాదారులకు మనవి! ఇది కేవలం నటన మాత్రమే!"

"మా డబ్బుతో నటనేంట్రా!" అని అరిచారెవరో. స్టూలు దిగిపోయాను.

అంకమ్మరావు గారు చెమటలు కక్కుతూ నా చెవిలో, "షట్టరు దించెయ్యవయ్యా," అన్నారు.

"దించితే నిజంగానే మునిగామనుకుంటారు సార్. అడిగినవాళ్ళకి ఇచ్చేద్దాం."

ఆ రోజు నేనన్న తెలివైన మాట అదొక్కటే. అప్పుడే సాజిదా స్కూటీ ఆగింది. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నోటీసు చదివింది. రిహార్సల్ సంగతి కాగితాలు రాసే రోజుల్లోనే ఆమెకి చెప్పి ఉన్నాను. నా వైపు చూడలేదు. మెట్టు మీద నిలబడి, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు గట్టిగా చెప్పింది.

"కంపెనీ ఎక్కడికీ పోలేదండి. కంప్యూటర్లు పాడైతే పనెలా చేయాలో రేపు చూసుకుంటారట, అంతే. నోటీసులో మాట తప్పు పడింది. డబ్బు కావాల్సినవాళ్ళు వరసగా రండి, ఇస్తారు. నా డబ్బు కూడా ఇక్కడే ఉంది, నేను తీసుకోవట్లేదు."

సందడి తగ్గింది గానీ ఎవరూ కదల్లేదు. దానికితోడు, ఎప్పుడు తెగిందో ఏమో, హెడ్డాఫీసుతో కంప్యూటరు లైను పోయింది. మంగళవారం నటించాల్సింది సోమవారమే నిజంగా చేశాం. నేను పాస్‌బుక్కులు చూసి రసీదులు చేత్తో రాస్తుంటే, యేసుపాదం డబ్బిచ్చాడు.

ముందు నిలబడింది వెంకటరావమ్మ గారే. డబ్బు చేతిలో పడ్డాక కాసేపు దాన్నే చూసి, "ఇస్తున్నారంటే మునగలేదన్నమాటే," అంది. మళ్ళీ నా ముందే పెట్టింది. "వేసుకో అబ్బాయ్. ఇంట్లో ఉంటే మా వాడు ఊరుకోడు."

ఆవిణ్ణి చూసి వెనకవాళ్ళు చాలామంది ఇళ్ళకి మళ్ళారు.

స్కూలు వదిలాక సాజిదా మళ్ళీ వచ్చింది. ఆఫీసు అప్పటికి ఖాళీ అయింది.

"ఆ వాక్యం కావాలనే రాశారు కదూ? మీరు తప్పు రాస్తే పొడుగ్గా రాస్తారు. ఇంత పొట్టిగా రాయరు."

అబద్ధం చెప్పే ధైర్యం కూడా మిగల్లేదు. "మీరు వస్తారని రాశానండి."

ఆమె ముఖం ఎర్రబడింది. సిగ్గనుకుని ఓ క్షణం సంతోషించాను.

"వెంకటరావమ్మ గారి కాళ్ళు చూశారా? చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి బస్సెక్కింది. ఇదివరకోసారి చీటీల కంపెనీ ముంచేస్తే ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు చెప్పుకుంది. మీకు నాతో మాట్లాడాలనిపిస్తే మాట్లాడాలి. అంతేగానీ ఊరినంతా ఏడిపిస్తారా?"

స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు అంకమ్మరావు గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తల పట్టుకున్నారు.

"ఒరేయ్, ప్రేమించినవాడు ఉత్తరం రాస్తాడు. నువ్వు నోటీసు రాశావేంట్రా!"

ఉద్యోగం ఉంచారు గానీ బోర్డు మీద నా పేరు చెరిపించి యేసుపాదం పేరు రాయించారు. హెడ్డాఫీసుకి నా తప్పు నా చేతే రాయించారు. ఈసారి అందులో ఒక్క కఠినమైన మాట లేదు.

ఆ ఆదివారం యడ్లపాడు వెళ్ళాను. వెంకటరావమ్మ గారు కళ్ళంలో ఉంది. ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పి, "తప్పయిందండి," అన్నాను. చెప్పడం పూర్తయ్యేలోపే తుమ్ములు మొదలయ్యాయి.

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది. "ఒక పిల్లతో మాట్లాడ్డానికి నా ప్రాణం తీశావా? తుమ్మడం ఆపి కూర్చో. తాలుకాయలు ఏరు."

రంగుపోయి తెల్లబారిన కాయల్ని తాలంటారు. మంచివాటిలోంచి వాటిని వేరు చేస్తూ పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఏది తాలో ఏది మంచిదో నాకు తెలియక, పక్కన కూలికొచ్చిన ఆడవాళ్ళు నేనేరిన కుప్పని మళ్ళీ ఏరారు. చెమట తుడుచుకోబోయి ఆ చేతుల్తోనే కళ్ళు నులుముకున్నాను. తర్వాత లోకం కనబడలేదు.

"చాల్లే, పో," అంది ఆవిడ నవ్వుతూ. "నా కోపం పోయింది. ఆ పిల్ల కోపం సంగతి నువ్వు చూసుకో."

బస్సు దిగి నేరుగా సాజిదా వాళ్ళింటికి వెళ్ళాను. ఒక రోజు ఆగితే ధైర్యం ఉండదని నాకు తెలుసు. తలుపు తీసింది వాళ్ళ నానమ్మ జానీబీ గారు. వాచిపోయిన నా కళ్ళూ కారుతున్న ముక్కూ చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఎవరు బాబూ నువ్వు?"

"హయాత్ అండి. ఫైనాన్స్ ఆఫీసు..."

"ఆ నోటీసు అబ్బాయివా? అయ్యో అయ్యో! ఒసేయ్ సాజిదా, ఇటు రావే! నీ కోసం ఎంత ఏడ్చాడో చూడు, పాపం! ఇంత ఏడ్చినవాడి మీద ఇంకా కోపమేంటే?"

సాజిదా వచ్చి గడపలో నిలబడింది. ఆమె ముఖం మెత్తబడటం నీళ్ళ కళ్ళలోంచే మసగ్గా కనిపించింది. నోరు మూసుకుని ఉంటే చాలు, నేననుకున్నది జరిగిపోయేది.

"ఏడవలేదు మామ్మగారూ," అన్నాను. "ఇది మిరప ఘాటు. వెంకటరావమ్మ గారి దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ తాలుకాయలు ఏరించింది." తర్వాత సాజిదా వైపు, అంటే ఆమె ఉంటుందనుకున్న వైపు తిరిగాను. "మీరంటే నాకిష్టమండి. మీకూ ఇష్టమైతే మా అమ్మని పంపిస్తాను. ఇష్టం లేకపోతే వెళ్ళిపోతాను."

గడప పక్కన బిందెలో చెంబు ముంచిన చప్పుడైంది.

"అటు కాదు, నేనిక్కడున్నాను," అంది సాజిదా.

"ఎక్కడండీ?"

"ముందు ఇలా వంగండి."

చల్లటి నీళ్ళు ముఖం మీద పడ్డాయి. ఆమె చెంబుతో పోస్తూనే ఉంది, నేను గుడ్డిగా చేతులు చాచి కళ్ళు కడుక్కుంటూనే ఉన్నాను. జానీబీ గారు వెనకనుంచి, "వాకిట్లోనే నిలబెడతావేంటే, లోపలికి రమ్మను. మజ్జిగ తెస్తాను," అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

"మీ అమ్మగారికి టీలో చక్కెర ఎంత వేయాలి?" అని అడిగింది సాజిదా, చెంబు కింద పెడుతూ.

కళ్ళు తెరిచాను. మంట ఇంకా తగ్గలేదు. అయినా ఆమె నవ్వడం స్పష్టంగా కనిపించింది.