మూడు జతల కాలిన పొరలు

స్పీకర్ల మేస్త్రీ మెట్లెక్కి వచ్చేసరికి ఆయనలో ఆయాసం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. కుర్చీ చూపించినా కూర్చోకుండా, సంచిలోంచి ఒక పలచని ప్లాస్టిక్ పొర తీసి బల్ల మీద పరిచాడు. దాని నిండా ఆవగింజలంత చిల్లులు.

"చూడండమ్మా. రెండు నెలల్లో ఇలా మూడు జతలు పోయాయి. ఎవరో పనిగట్టుకుని చేస్తున్నారు."

లాయరమ్మ నల్లకోటు విడిచి ప్రైవేటు డిటెక్టివ్ పనిలో దిగి పదేళ్లయింది. కోటు వదిలింది గానీ పేరు వదల్లేదు. ఆమె పక్కన కాగితం పెన్నుతో కూర్చున్నవాడు టైపిస్టు. ఆమె తుమ్మినా అందులో ఏదో తర్కం ఉంటుందని నమ్మే మనిషి.

"ఇది ఏమిటో మాకు అర్థమయ్యేలా చెప్పండి," అంది లాయరమ్మ.

"నేను బాగుచేసేవి నలభై ఏళ్ల నాటి హైబ్రిడ్ స్పీకర్లు. కింద మామూలు డబ్బా, బరువు శబ్దాలకి. పైన రెండు చిల్లుల రేకులు, వాటి మధ్య ఈ పొర, సన్న శబ్దాలకి. పొరకి వేల వోల్టులు ఎక్కిస్తేనే అది పలుకుతుంది. పాత పొర తీసేసి కొత్తది బిగిస్తాను. పాతవాటిలో లేని సదుపాయం కూడా ఒకటి పెట్టాను. వోల్టులు పెంచడానికీ తగ్గించడానికీ పక్కన తిప్పే మీట."

"ఇలాంటి పొర మళ్లీ దొరకదా?"

"చేసేవాళ్లు మూసేశారు. ఇంక ఒక్క జతకి సరిపడా ముక్క ఉంది. అదీ పోతే దుకాణం కట్టేయడమే."

లోపలి గదిలో టీ కోసం పెట్టిన టైమరు కీచుకీచుమని మొత్తుకుంటోంది. మేస్త్రీ తన ధోరణిలో తాను చెప్పుకుపోతూనే ఉన్నాడు. టైపిస్టే లేచి వెళ్లి దాని పీక నొక్కి వచ్చాడు.

"ఎవరి మీద అనుమానం?"

మేస్త్రీ అప్పుడు కూర్చున్నాడు. "మా బావమరిది. ముప్పై ఏళ్లు నా పక్కనే పనిచేశాడు. కంటి ఆపరేషనై రెండు నెలలుగా ఇంట్లో ఉన్నాడు. వాడు రావడం మానేసినప్పటి నుంచే ఇది మొదలైంది. రెండో తాళంచెవి వాడి దగ్గరే ఉంది. మా ఆవిడ పోయాక, మా అమ్మాయి కాక నాకు మిగిలిన చుట్టం వాడొక్కడే. కానీ వాడే అని తేలిందా, ఈ జన్మలో వాడి ముఖం చూడను."

ఆ మాట అని, బల్ల మీది పొరను జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. మేస్త్రీ కూతురు మిగిలిన ఆ ఒక్క ముక్కను చట్రానికి బిగించి, వేడిగాలితో ముడతలు తీస్తోంది. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతోంది.

లాయరమ్మ కాలిన జతల రేకుల మీద వేలితో తడిమింది. పెయింటు ఎక్కడా గీసుకుపోలేదు. పొర మీద ప్రతి చిల్లు అంచూ నల్లగా కమిలి ఉంది. మూడు జతల మీటలూ చివరంటా తిరిగి ఉన్నాయి.

"కొన్నవాళ్లు ఏమన్నా ఫిర్యాదు చేశారా?"

"మొదటి జత తిరిగొచ్చింది మేడమ్," అంది కూతురు. "సన్న శబ్దాలు చెవులు కోసేస్తున్నాయట. నాన్నకి చెప్తే, వాళ్ల చెవులే బాగోలేవు పొమ్మన్నారు."

"మరేమిటి?" అన్నాడు మేస్త్రీ. "ఆ జత అప్పటికీ మూగగానే ఉంది."

కట్టేసే వేళకి ఆయన షట్టరు దించి, దానికి చెవి ఆనించి ఒక్క క్షణం నిలబడ్డాడు. "లోపల ఏదన్నా ఆన్‌లో ఉండిపోతే కూస్తుంది. ముప్పై ఏళ్ల అలవాటు," అని తాళం వేశాడు.

అక్కణ్నుంచి వాళ్లిద్దరూ వెళ్లేసరికి బావమరిది నల్లకళ్లద్దాలతో తన ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాడు. రెండో ప్రశ్నకే, "నేనే చేశాను," అన్నాడు.

"ఎలా?"

"సూది కాల్చి గుచ్చాను. రేకుల చిల్లుల్లోంచి."

"ఎందుకు?"

"బావ మీద కోపం."

"ఏం కోపం?"

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అదే... కోపం."

వీధిలోకి రాగానే టైపిస్టు పుస్తకం మూసేశాడు. "కేసు అయిపోయింది మేడమ్."

"కంటి ఆపరేషనై నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మనిషి అన్ని చిల్లుల్లోంచి సూది దూర్చి, ఒక్క రేకుకీ గీత పడకుండా తీశాడా? దొంగకి దొంగతనం గురించి మనకన్నా కాస్త ఎక్కువ తెలిసుండాలి కదయ్యా."

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో అందరినీ కూర్చోబెట్టింది. బావమరిది వైపు మేస్త్రీ చూడటం లేదు.

"పొరని ఎవరూ గుచ్చలేదు," అంది లాయరమ్మ. "వోల్టులు మోయలేనంత ఎక్కిస్తే నిప్పురవ్వ పుట్టి లోపల్నుంచే కాలింది. మీట చివరికి తిప్పింది మీరే మేస్త్రీ గారూ."

"మూగగా ఉంటే తిప్పనా? నలభై ఏళ్లు విన్న చెవులమ్మా ఇవి."

"మీ బావమరిది రాని రోజుల్లో పొరలు కాలాయన్నారు. ఆయన వచ్చిన రోజుల్లో ఎందుకు కాలలేదో మీరు అడగలేదు."

బావమరిది తల వంచుకున్నాడు. "రెండేళ్లు, బావా. నువ్వు మీట చివరికి తిప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లేవాడివి. నేను వెనక్కి తిప్పేవాణ్ణి. టిక్కు టిక్కుమని పొర కాలబోతుంటే నువ్వు పక్కనే నిలబడి, బాగుందిరా, ఇంకొంచెం పెంచు అనేవాడివి."

"అబద్ధం."

దుకాణంలో పరీక్షలకు వాడే, సన్నటి కూత పుట్టించే పెట్టెను లాయరమ్మ పక్కనున్న మంచి స్పీకరుకు తగిలించింది. "దీంతోనే తేల్చుకుందాం. వినపడగానే చెయ్యెత్తండి."

మేస్త్రీ కళ్లు మూసుకుని, అలవాటైన తీరులో తల ఒక పక్కకు వంచాడు. టైపిస్టు పళ్లు బిగించాడు. కూతురు రెండు చేతులతో చెవులు మూసుకుంది. నిమిషం గడిచింది.

"మొదలుపెట్టండి మరి," అన్నాడు మేస్త్రీ.

ఆయన కళ్లు తెరిచి కూతురు చేతులు ఎక్కడున్నాయో చూశాడు. టైపిస్టుకు మేడమ్ గెలిచిందన్న సంతోషం రావలసింది. రాలేదు. ఈ ఒక్క కేసులో ఆమె ఓడిపోయి ఉంటే బాగుండునని మొదటిసారి అనుకున్నాడు.

"ఒక్క మాట చెప్పకపోయావురా," అన్నాడు మేస్త్రీ.

"చెప్తే ఏం చేసేవాడివి బావా?"

కూతురు పెట్టె ఆపబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. "ఉండనీ. నాకు వినిపిస్తుందేమో చూడనీ." స్పీకరు ఎదుట స్టూలు వేసుకుని అరగంట కూర్చున్నాడు. ఒకసారి ఎడమ చెవి తిప్పాడు, ఒకసారి కుడి చెవి.

"నేను వింటాను బావా," అన్నాడు బావమరిది చివరికి. "నువ్వు బిగించు చాలు."

"విననివాడు బిగించేదేంట్రా," అన్నాడు మేస్త్రీ. ఆ మాటలో కోపం లేదు. ఆయన లేచి, చట్రం మీద తళతళలాడుతున్న ఆ చివరి పొరకు పాత గుడ్డ కప్పాడు. దీపాలు ఆర్పాడు. అందరూ బయటికి నడిచారు.

ఆయన షట్టరు దించాడు. అలవాటు ప్రకారం చెవి ఆనించి ఒక్క క్షణం నిలబడ్డాడు. లోపల పెట్టె కూస్తూనే ఉంది, వీధి అవతలి మనిషి కూడా తిరిగి చూసేంతగా.

మేస్త్రీ తృప్తిగా తలాడించి తాళం వేశాడు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, వాళ్లకన్నా ముందుగా ఇంటిదారి పట్టాడు.