కుడిపక్క గుర్తు

పొద్దున ఆరుకల్లా నీళ్ళలో ఉండాల్సిన మనుషులు పదకొండున్నరకి ఇంకా డెంకణికోట అవతల రోడ్డు మీదే ఉన్నారు. మడుగులో దిగాలంటే అనుమతి కాగితం కావాలి. కాగితం మీద సంతకం కావాలి. సంతకం పెట్టే దొరగారు కాఫీకి పోయినాడు. ఆయన తీరిగ్గా తాగి వచ్చేసరికి పది. ఆ తర్వాత జీపు టైరు పంక్చరు. చేపల లెక్క తీసే వినుతకి ఏడవాలో తిట్టాలో తెలియలేదు.

"వచ్చేసినాం మేడమ్, ఇంగ రెండు మలుపులే," అన్నాడు చంద్రు. జీపు తోలేది అతనే, వల లాగేదీ అతనే. నలభై ఐదేళ్ళ మనిషి, మూడేళ్ళుగా వినుతతో తిరిగి చేపల పేర్లన్నీ నేర్చుకున్నాడు.

"గంట నుంచీ రెండు మలుపులే అంటున్నావు చంద్రన్నా. కాసేపు ఊరుకో."

ఆమె కోపానికి కారణం ఉంది. ఎండాకాలం రాగానే ఈ వంకలన్నీ ఎండిపోయి అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. ఎర్రపరిగె అనే చేప ఆ మడుగుల్లోనే ప్రాణాలు బిగబట్టుకుని వానలదాకా బతుకుతుంది. అరచెయ్యంత చేప, తోక దగ్గర కుంకుమ రాసినట్టు ఎరుపు. ఒకప్పుడు గంపలకొద్దీ సంతకి వచ్చేదట. ఇప్పుడు వినుతకి తెలిసి మిగిలింది ఒక్క నెమలిమడుగులోనే. ఆ మడుగు మీద ట్యాంకర్లవాళ్ళ కన్ను పడింది. హోసూరు దాహం అంతా ఇంతా కాదు కదా, మోటార్లు పెట్టి తోడుకుంటామని అర్జీ పెట్టినారు. ఎర్రపరిగెలు యాభై ఉన్నాయని చూపిస్తే మడుగు జోలికి ఎవరూ పోరని ఆ అర్జీ చూసే కమిటీ చెప్పింది. తక్కువైతే నీళ్ళు ట్యాంకర్లకే. గడువు సోమవారం. ఇది శనివారం.

ఇక్కడ లెక్క సంగతి కాస్త చెప్పాలి, కష్టమైనదేం కాదు. మడుగులో చేపలన్నిటినీ పట్టి ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకని మొదటిసారి దొరికినవాటికి గుర్తు పెట్టి వదిలేస్తారు. రెండు వారాల తర్వాత మళ్ళీ వల వేస్తారు. గుర్తు లేనివి ఎంత ఎక్కువ దొరికితే మడుగులో అంత ఎక్కువ చేపలున్నట్టు. దొరికినవన్నీ గుర్తున్నవే అయితే, ఉన్నవి అంతే. పోయినసారి వినుత ఇరవైమూడు చేపల్ని పట్టింది. ఒక్కోదానికి పొట్ట కింద ఎడమరెక్క కొసని చిన్న కత్తెరతో తిన్నగా కత్తిరించి, తడిచేత్తో పట్టుకుని మెల్లగా నీళ్ళలో వదిలింది.

మడుగు ఒడ్డున కొండప్ప కాచుకుని ఉన్నాడు. ఆ పక్కనే గొర్రెలు మేపుకునే మనిషి, పోయినసారి కూడా వల పట్టినాడు. వీళ్ళని చూసి లేచినాడే గానీ, నీళ్ళవైపు అడుగు వెయ్యలేదు.

"మిట్టమధ్యానమైపాయ వినుతమ్మా. ఈ పొద్దుకి నీళ్ళలో దిగేది వద్దు. మావాళ్ళెవురూ దిగరు. పొద్దు వాలనీ."

"పొద్దు వాలితే ఈ గుట్టల మధ్య ఏం కనపడుతుంది కొండప్పా? నాకున్నది ఈ ఒక్క రోజు. దిగు నాయనా, నీకు దండం పెడతాను."

కొండప్ప పంచె ఎగ్గట్టినాడు.

రెండు గుట్టల నడుమ నల్లగా ఉంది మడుగు. ఈవలి ఒడ్డున నడుముదాకా లోతు. ఆవలి బండ కింద ఎంత లోతో ఎవరూ కొలవలేదు, పోయినసారి వేసిన తాడు అడుక్కి అందనే లేదు. ఎండ నెత్తిన నిలబడింది. దేని నీడా నేల మీద లేదు. గాలి ఆగిపోయింది. పాచివాసన, దానితోపాటు తుప్పుపట్టిన ఇనుము వాసన. ఎక్కడో ఒక పిట్ట కూసి, సగంలో మానుకుంది.

మొదటి వల. ఆరు చేపలు. ఆరింటికీ ఎడమరెక్క కత్తిరించి ఉంది.

రెండో వల. తొమ్మిది. అన్నీ గుర్తున్నవే.

మూడో వల. ఐదు. అంతే!

"కొత్తవి ఒక్కటి గూడా రావా? ఒక్కటి?" వినుత వలని కాలితో తన్నింది. మూడేళ్ళు. మూడు ఎండాకాలాలు కాళ్ళు పగిలేలా తిరిగింది ఈ మడుగు కోసమేనా?

అప్పుడే కృష్ణగిరి నుంచి జయప్రకాశ్ సార్ ఫోను. ఆయన ఆమెకి పై అధికారి. సిగ్నల్ కోసం ఆమె బండరాయి ఎక్కి నిలబడాల్సి వచ్చింది.

"ఎంత వచ్చె వినుతా?"

"ఇరవైకి ఇరవై గుర్తున్నవే సార్. కొత్తవి లేవు."

"యాభై రెండు అని రాసెయ్యమ్మా. ఎవురొచ్చి లెక్కపెడతారు? ఏటేటా సీజనుకి నువ్వే పోయి చూసుకుంటా ఉంటే సరిపాయ."

ఆమె ఫోను పెట్టేసింది. తప్పుడు లెక్క రాయడమంటే ఆమెకి ఒళ్ళుమంట. కానీ ఆ మాట మనసులోంచి పోలేదు. యాభై రెండు. రాస్తే ఏం పోయింది?

దిగివచ్చి, తొట్టిలోంచి ఒక చేపని తీసింది. జారబోతే ఒడిసిపట్టుకుంది. చేప పక్కకి తిరిగింది.

కుడిరెక్క కూడా కత్తిరించి ఉంది.

వినుత కళ్ళు చిట్లించి చూసింది. ఆమె కత్తెర తిన్నగా కోస్తుంది. ఇది నెలవంక మాదిరి గుండ్రంగా ఉంది, అంచు నున్నగా మానిపోయింది. ఇంకో చేపని తిప్పింది. అదే. ఇంకోటి. అదే. ఇరవై చేపలకీ ఎడమపక్క ఆమె గుర్తు. కుడిపక్క... ఇంకెవరిదో.

ఆమెకి వచ్చింది భయం కాదు, మంట. "ఎవరొచ్చినారు ఈడికి? కొండప్పా, నిజం చెప్పు. ట్యాంకర్లవాళ్ళు ఎవరినైనా పంపినారా, నా లెక్క చెడగొట్టేదానికి?"

"అమ్మతోడు, ఎవురూ రాలేదమ్మా. పదైదు దినాలుగా నా గొర్రెలు గూడా ఈడ నీళ్ళు తాగడం మానేసినాయి. తోలినా రావు." కొండప్ప తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు చూసిందామె. అతని కుడిచెవి పైఅంచున ఒక ముక్క లేదు. గోరంత. నెలవంక మాదిరి.

"చెవికి ఏమైంది?"

"యాడ?" తడుముకున్నాడు. వేలు ఆ గంటు దగ్గర ఆగింది. అతని మొహంలో రంగు మారిపోయింది. "ఇది... ఎప్పుడు పాయనో తెలీదమ్మా. నొప్పి లేదే."

చంద్రు నడుములోతు నీళ్ళలో నిలబడి, రెండో తొట్టిలోని చేపల్ని వదులుతున్నాడు. కుడిచెవి ఇటువైపే ఉంది. ఆ చెవి అంచున అదే గంటు.

మడుగు చుట్టూ ఒక్క ఈగ రొద కూడా లేదు.

"చంద్రన్నా," అంది వినుత, గొంతు తగ్గించి. "మెల్లగా బయటికి రా."

"వస్తా మేడమ్... ఈ వల కాళ్ళకి చుట్టుకుంటా ఉంది."

"వల ఒడ్డున ఉంది."

చంద్రు తలతిప్పి చూసినాడు. వల వినుత పక్కనే, ఎండలో, కుప్పగా పడి ఉంది.

"మరి... ఇదేంది?" గుసగుసగా అడిగినాడు.

అతను ఒక మూర లోతుకి జరిగినాడు. నడవలేదు. జరిగినాడు. ఆగింది. మళ్ళీ ఒక మూర. మళ్ళీ ఆగింది. నీళ్ళు చెదరలేదు, బుడగ లేవలేదు. లాగడం, ఆగడం, పట్టు సరిచేసుకుని మళ్ళీ లాగడం. వల లాగడం తెలిసినవాళ్ళు అట్లాగే లాగుతారు. పొద్దున్నుంచీ వీళ్ళు లాగింది కూడా అట్లాగే.

"తాడు! కొండప్పా, తాడు విసురు!"

చంద్రు తాడు అందుకున్నాడు. ఇద్దరూ మడమలు ఇసకలో తన్నిపెట్టి లాగినారు. చంద్రు అరవలేదు, పాపం, అరిచేదానికి గాలి చాల్లేదు. నీళ్ళు ఛాతీకి... భుజాలకి... గడ్డానికి... చేపలు ఒక్కొక్కటే ఎగిరి ఒడ్డున పడి కొట్టుకుంటున్నాయి. పడిన చేప మళ్ళీ నీళ్ళవైపు పొర్లడం లేదు, అవతలికి పొర్లుతోంది.

ఉన్నట్టుండి తాడు వదులైంది. ఇద్దరూ వెల్లకిలా పడినారు. చంద్రు దగ్గుతూ పాకివచ్చినాడు.

అతను తప్పించుకోలేదు. వినుతకి అది బాగా తెలుసు. చేప మీద పట్టు ఎట్లా సడలించాలో, దెబ్బ తగలకుండా ఎట్లా వదలాలో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? నీళ్ళ కింద ఉన్నవాళ్ళెవరో చూసుకున్నారు. గుర్తుంది అనుకున్నారు. వదిలేసినారు.

చంద్రు పిక్కల మీద ఎర్రగా గళ్ళు తేలినాయి. ఒక్కో గడి జానెడు.

తిరుగుదారిలో కొండప్ప పక్కన కూర్చుని దారి చెబుతుంటే జీపు వినుతే తోలింది, చంద్రు వెనకసీట్లో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఆస్పత్రి దగ్గర ఆపినాక గానీ ఆమె అద్దంలోకి చూసుకోలేదు. కుడిచెవి మీంచి జుట్టు పక్కకి తీసింది.

తీసి, మళ్ళీ కప్పేసింది.

ఆ రాత్రి, ఆ మర్నాడు ఆమె కాగితం ముందర కూర్చుంది. యాభై రెండు అని రాస్తే మడుగు మిగులుతుంది. మిగిలితే ఏటేటా ఆమే పోవాలి. ఆ నీళ్ళలో దిగాలి. లేదు, ఆమెకి చేతకాదు, ఆమె ప్రాణం మీద ఆమెకి తీపి. సోమవారం ఇరవైమూడు అని రాసి ఇచ్చింది. నిజమే రాసినాను కదా అని తనకి తాను చెప్పుకుంది. రాత్రంతా ఆ చేపల్ని తలుచుకుని ఏడ్చింది కూడా.

పది రోజులకి కొండప్ప ఫోను చేసినాడు.

"తోడేసినారమ్మా. నాలుగు మోటార్లు, ఆరు దినాలు. అడుగు బండ బయటపడె. ఒక్క చేప లేదు. పీత గూడా లేదు. ఉత్త బండ."

వినుత కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. పీడ పోయింది. చేపలు పోయినాయి, పీడా పోయింది.

"దాంట్లో ఉండేది యాడికి పాయనో ఏమో," అన్నాడు కొండప్ప. "నీళ్ళైతే అన్నీ మీ హోసూరికే వచ్చినాయి."

ఆమె మూకండపల్లిలో మేడమీద గదిలో అద్దెకి ఉంటుంది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కిటికీలోంచి కిందికి చూసింది. వీధిలో ట్యాంకరు నిలబడి ఉంది. బిందెలు, డ్రమ్ములు, ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకుని వచ్చిన మగవాళ్ళు, కొంగు బిగించిన ఆడవాళ్ళు. పాచివాసన మేడదాకా వచ్చింది.

పరుగున మెట్లు దిగుతుంటే కింద ఇంటావిడ మునిలక్ష్మమ్మ అడ్డం తగిలింది.

"వినుతా, నువ్వు చదువుకున్నదానివి, ఈ చెవి కొంచెం చూడమ్మా. నొప్పి లేదు, నెత్తురు లేదు. మా ఆయనకీ ఇంతే. ఎదురింటోళ్ళకీ ఇంతేనంట. ఏం పురుగమ్మా ఇది?"

వినుత ఆమె కుడిచెవిని చూసింది. తర్వాత వీధిలోకి చూసింది. బిందె ఎత్తుకుంటున్న మనిషి. పైపు పట్టుకున్న మనిషి. ఒక్క అంకె. ఒక్క అంకె మార్చి రాసి ఉంటే వీళ్ళెవరికీ...

పక్కింటి రేణు డ్రమ్ము మీదికి వంగి ఉంది. రాత్రే పుట్టింటి నుంచి వచ్చిన పిల్ల, ఇంకా మొహం కూడా కడుక్కున్నట్టు లేదు. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి, ఏ గుర్తూ లేదు, కమ్మలు ఎండకి మెరుస్తున్నాయి.

"రేణూ! చెయ్యి తియ్! బయటికి తియ్!"

రేణు మోచేతిదాకా డ్రమ్ములో ముంచిన చెయ్యి అట్లాగే ఉంచి, విసుగ్గా తలెత్తింది.

"తీస్తానక్కా, చుట్టుకుపాయ. ఎవురక్కా డ్రమ్ములో వల వేసిపెట్టింది?"