వెనక మూల సొట్ట

ఆ రోజు పొద్దున్నే, బళ్ల సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి తన కాఫీ చల్లారబెట్టుకుని, ఇంటి పక్క షెడ్డులో భార్య వ్యాను ముందు కూర్చున్నాడు. వ్యాను తళతళలాడుతోంది. మధ్యాహ్నం దాన్ని కొనేవాళ్లు వస్తారు. మనిషి ముఖం మాత్రం ముడుచుకుపోయింది.

ఆ వ్యానులోనే ఆవిడ రోజూ దుకాణాలకి రొట్టెలు చేరవేసేది. వీధిలో పిల్లలు ఆవిడకి వ్యానమ్మ అని పేరు పెట్టారు. కోపమొస్తే కన్నకూతురిదీ అదే పిలుపు. మొన్న చలికాలంలో కూడలి దగ్గర ఓ లారీ ఆగకుండా వచ్చి గుద్దేసింది. వ్యాను ముందు భాగం నుజ్జునుజ్జయింది, ఆవిడ చెయ్యి విరిగింది. చెయ్యి అతుక్కుంది గానీ గుండెదడ పోలేదు. తాళంచెవి కంటబడితే చాలు, చెమటలు పట్టేవి.

ఇంక నడపలేను, అమ్మేయమంది. కూతురూ ఆ మాటే పట్టుకుంది. అమ్మని ఆసుపత్రి మంచం మీద చూసిన పిల్ల, దాని భయం దానిది. కొనేవాళ్లని కూడా తనే కుదిర్చింది.

మేస్త్రి పైకి సరేనన్నాడు. లోపల మాత్రం ఆవిడ మళ్లీ బండెక్కాలనే ఆశ. తుక్కుకి వేసెయ్యమని తోటివాళ్లంతా చెప్పినా వినలేదు. వంగిన చట్రాన్ని గొలుసులేసి లాగాడు. రేకుని సుత్తితో కొట్టి కొట్టి దారికి తెచ్చాడు. పుట్టీ పెట్టి రుద్దాడు, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాడు, మళ్లీ రుద్దాడు. దెబ్బ ఆనవాలు పోతే భయమూ పోతుందని ఆయన లెక్క. పాపం, ఈ మగవాళ్ల లెక్కలిలాగే ఉంటాయి.

చివరిసారి చూద్దువుగాని రమ్మని కూతురు తల్లిని షెడ్డులోకి తీసుకొచ్చింది. ఆవిడ వ్యాను చుట్టూ తిరిగింది. ముందువైపు ఓసారి చూసి దాటిపోయింది. వెనక ఎడమ మూలకొచ్చి ఆగిపోయింది.

"ఇక్కడ సొట్ట ఉండాలి కదండీ."

"తీసేశాను. అన్నీ బాగుచేస్తూ అదొక్కటీ ఎందుకని..."

"అది లారీ పెట్టిందా?"

మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్న మొదటిరోజు, పక్కన కూర్చుని ఈయన ఆపు ఆపు అని అరుస్తుండగానే వెనక్కి తీసి గేటు స్తంభానికి కొట్టింది. ఆవిడ ఏడుపు, ఈయన నవ్వు. కాసేపటికి ఆవిడా నవ్వేసి, దాన్ని బాగుచెయ్యొద్దంది. ఇంత మేస్త్రివి, ఇంట్లో బండికి సొట్టేమిటని ఎవరైనా అడిగితే, అది మా ఆవిడ సంతకం అని చెప్పుకునేవాడు. పని ఊపులో ఆ సంతకాన్నే చెరిపేశాడు.

"మొదటిరోజే గుద్దినా మళ్లీ బండెక్కానని నాకది గుర్తండీ," అంది ఆవిడ. "నా బండి బాగుచేస్తానని, ఎవరిదో బండి తెచ్చి నిలబెట్టారు."

అమ్మేసే బండికి ఈ గొడవేమిటని కూతురు విసుక్కుంది. ఇద్దరూ పట్టించుకోలేదు.

మేస్త్రి లేచి, సుత్తి తీసుకుని, తను వేసిన కొత్త రంగు మీదే ఒక్కటిచ్చాడు. జన్మలో సొట్టలు తీయడమే గానీ పెట్టడం ఎరగని చెయ్యి. చిన్న గుంట పడింది.

ఆవిడ ముక్కు చీదుకుని వంగి చూసింది. "అక్కడ కాదు, ఇంకాస్త కిందకి."

ఆయన మళ్లీ సుత్తి ఎత్తాడు.

"ఆగండి. అది సుత్తితో వచ్చే సొట్ట కాదు. తాళమివ్వండి."

కూతురు అడ్డం రాబోతే తండ్రి వద్దని తల అడ్డంగా ఊపి, తాళమిచ్చి, వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవిడ చెమట పట్టిన అరచేతులు కొంగుకి తుడుచుకుని తాళం తిప్పింది. బండి కదిలింది. మెల్లగా వెనక్కి, గేటువైపు వెళ్తోంది. ఈసారి ఆయన ఆపు అనలేదు. సీటు గట్టిగా పట్టుకున్నాడు.

వెనక మూల స్తంభానికి ధబ్బున కొట్టుకుంది. లోపల ఇద్దరూ ఒకటే నవ్వు. ఆవిడ కళ్లనిండా నీళ్లు. అంతటితో దిగుతుందనుకుంటే, గేరు మార్చి, స్తంభాన్ని తప్పించి వీధిలోకి తిప్పింది. వ్యానమ్మొచ్చిందని పిల్లలు వెంట పరిగెత్తారు.

కూతురు గేటు దగ్గర నిలబడి, వ్యాను మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత కొనేవాళ్లకి ఫోన్ చేసి, రావద్దని చెప్పింది. వాళ్లు ఎందుకని అడిగారు.

"బండికి సొట్ట పడిందండీ," అంది కళ్లు తుడుచుకుంటూ.