బుగ్గబావి తలుపు

ఆ రోజు అట్లతద్ది. తేనెవాడ రాజ్యంలో ఆడపిల్లలు తెల్లవారకముందే గోంగూర పచ్చడితో అన్నం తిని ఉయ్యాలలకు పరుగెత్తారు. ఊరికి నీళ్లిచ్చే బుగ్గబావి తలుపు వేసే వంతు, పటికబెల్లం వండేవారి అమ్మాయి పైడమ్మది. ఉయ్యాల తొందరలో గడియ పెట్టడం మరచింది. కొండ రాక్షసి లోపలికి దూరి నీళ్లలో విషం కలిపింది. ఆ నీళ్లు తాగినవారంతా కళ్లు తెరవని నిద్రలో పడ్డారు. పైడమ్మ తమ్ముడు గవరయ్య కూడా పడ్డాడు. తప్పెవరిదో ఎవరికీ తెలియలేదు. పైడమ్మకు తెలుసు.

ఆమె విషపు నీళ్లు ముంతలో పట్టి, విరుగుడు తెలిసిన ముని కోసం అడవికి బయలుదేరింది. దారికి అడ్డంగా నిలిచిన ఎలుగుబంటి, ఆమె ఏడుపు చూసి పక్కకు తప్పుకుంది.

గుహలో ఉన్న వక్రముని ముంతలోకి చూశాడు. "విషమంటే ముడిపడ్డ దారం, పిల్లా. ముడి రూపం తెలిస్తేనే మందు. కానీ అది కంటికి ఆనదు."

"మరెలా తాతా?"

"ఒకటి ఆనదు. కోట్ల ముడులు వరసకట్టి పలుకుగా పేరుకుంటే?"

"పటికబెల్లంలాగా!"

పైడమ్మ విషాన్ని కుండలో కాచి చిక్కబరిచి, అందులో దారం వేలాడదీసింది. పేరుకునే కుండను కదపకూడదని వాళ్లింట్లో పసిపిల్లకైనా తెలుసు. అయినా ఆగలేక కుండ ఎత్తి చూసింది. పలుకు పొడిపొడిగా రాలిపోయింది.

"ఈ తొందర తమ్ముడి కోసమా, నీ తప్పు కప్పుకోవడానికా?" అన్నాడు ముని. ఆమె విషాన్ని మళ్లీ చిక్కబరిచింది.

ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పలుకు మెరుస్తూ పేరుకుంది.

ముడి రూపం చూడాలంటే పలుకులోంచి సాగే కిరణం కావాలి; అది గుహలో ఉండే మణినాగు దగ్గరే ఉంది. "ఉచితంగా ఇవ్వను. ఎవరికీ చెప్పని మాటొకటి చెప్పు," అంది పాము.

"గడియ పెట్టనిది నేనే."

పాము పడగ విప్పింది. మణి కిరణం పలుకును దాటి గోడమీద చుక్కల ముగ్గుగా చెదిరింది. పలుకును తిప్పినకొద్దీ ముగ్గు మారింది. ముని చుక్కల దూరాలు కొలిచి చెబుతుంటే, పైడమ్మ వాటికి సరిపడేలా మైనపు దారాన్ని మడిచింది. విప్పింది, మళ్లీ మడిచింది. చివరికి ముడి రూపం తేలింది. దాని నడుమ చిన్న గుంట ఉంది.

"ఇందులో అచ్చంగా ఇమిడేది చంద్రమూలిక రసమే. అది పడితే విషం కోర మొద్దుబారుతుంది," అంటూ ముని వేరు తీసి ఇచ్చాడు.

ఇంటికి చేరి పైడమ్మ పిండిన ఆ వేరు రసం నాలుకకు తగలగానే గవరయ్య కళ్లు తెరిచాడు. "అక్కా, నా అట్టు దాచావా? నువ్వే తినేశావా?"

ఊరందరికీ ఆ రసం పట్టి, బావిలోనూ పోసి, అందరూ లేచాక పైడమ్మ రాజుగారి ముందు నిజం చెప్పింది. ఆయన బావి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇకనుంచి ఆ తలుపు ఎవరు వేయాలమ్మా?"

"నేనే వేస్తాను, ప్రభూ. నన్ను నమ్మితే."

ఆయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం తమ్ముడికి అట్టు పోసిపెట్టి, పైడమ్మ బావి దగ్గరకు వెళ్లింది. తలుపు చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టి, తాళం వేసి, మరొక్కసారి లాగి చూసుకుంది.